చెంగల్రాయుడి జీపు, కుప్పమ్మ పుట్టిల్లు

కుప్పమ్మ కాలు విరిగిననాడు ఆమె మొగుడు చెంగల్రాయుడు జీపు కింద ఉండాడంట. జీపు కింద పడి కాదమ్మా, అట్టా అనుకునేరు. ఎల్లకిలా పండుకోని బోల్టు బిగిస్తా ఉండాడు. ఇంటెనకాలే చేను. ఆమె గడ్డిమోపు నెత్తిన పెట్టుకోని గట్టు దిగతా కాలు జారి పడింది. మోపు ఒక పక్క, మనిషి ఒక పక్క. "ఓ మావా, రా మావా, నా కాలు పోయింది" అని అరస్తా ఉంటే ఆయప్ప జీపు కిందనించే, "వస్తా వస్తా, ఇదొక్కటీ బిగిస్తే అయిపోయినట్టే" అన్నాడంట. అనేసి, నిజంగానే అది బిగించేసి, చేతులు తుడుచుకోని వచ్చినాడు. చెడ్డోడు కాదు. ఆ మాట ముందే చెప్పేస్తా ఉండా, ఎందుకంటే వినేకొద్దీ మీకు ఆయప్ప మీద కోపం వస్తాది. వచ్చి చూసి, ఆమెని రెండు చేతుల్తో ఎత్తుకోని, ఏడ్చుకుంటా ఇంట్లోకి తెచ్చినాడంట. ఊర్లో కట్లు కట్టే ముసలాయన వెదురుబద్దలు పెట్టి కట్టినాడు. మూడు నెలలకి ఎముక అతుక్కునింది గానీ వంకరగా అతుక్కునింది. ఒక కాలికన్నా ఒక కాలు నాలుగు వేళ్ళు పొట్టి. అప్పట్నించి కుప్పమ్మ ఇంట్లో గోడ పట్టుకోని నడస్తాది, వీధిలో కట్టె పట్టుకోని నడస్తాది, అంతే. అంతకు మించి లేదు.

ఇప్పుడు దీంట్లో కష్టం ఏమంటే, కుప్పమ్మ పుట్టిల్లు కొండమీద. తేనెబండ అని, పదో పన్నెండో ఇండ్లు. వీళ్ళుండే సున్నపురాళ్ళపల్లె నించి ఆరు మైళ్ళు, అంతా ఎక్కుడే. బస్సు లేదు, ఆటో ఎక్కదు, రాళ్ళ దోవ. కాలు బాగున్నన్నాళ్ళు ఆమె నెలకో తూరి చెప్పులు చేత్తో పట్టుకోని కొండెక్కి పోయి, అమ్మ చేతి సంగటి తిని, ఆ రాత్రి అమ్మ పక్కన పండుకోని, తెల్లారి దిగొచ్చేది. అమ్మ పేరు మంగతాయి. పిల్లా జెల్లా లేరు కుప్పమ్మకి. ఉండేది మొగుడు, కొండమీద అమ్మ, అన్న. కాలు పోయినాక మంగతాయి ఒక్క తూరి కట్టె పట్టుకోని దిగొచ్చి కూతుర్ని చూసిపోయింది. ఆ తర్వాత ఆమెకి కండ్లకి పొర కమ్మింది. దిగలేదు. కింద ఈమె ఎక్కలేదు. మధ్యలో ఆరు మైళ్ళు. మీరే చెప్పండి, సముద్రం అడ్డముంటే అదొక మాట. ఆరు మైళ్ళు అడ్డముంటే ఏమని ఏడ్చేది?

మరి జీపుంది గదా ఇంట్లో, అంటారు. ఉంది. దాని సంగతి చెప్పాల. అది మిలిట్రీ జీపు. చెంగల్రాయుడి నాయన ఎప్పుడో వేలంపాటలో పాడి తెచ్చినాడు. ముందు చక్రాలూ లాగతాయి, వెనక చక్రాలూ లాగతాయి, మేక ఎక్కినట్టు ఎక్కతాది. ఆ ముసలాయన దాంట్లోనే తేనెబండ నించి చింతపండు దింపేవాడు, అట్టా పోతా వస్తా కుప్పమ్మని చూసి కొడుక్కి మాట్లాడుకున్నాడు. పెండ్లినాడు ఏమైందంటే, పెండ్లికొడుకుని ఎక్కించుకోని ముసలాయన జీపు తోలతా ఉంటే, కొండ నడుమకి వచ్చేసరికి అది నిలబడిపోయింది. దగ్గింది, తుమ్మింది, పండుకునింది. కబురు పోయి, కుప్పమ్మ అన్న దొరస్వామి పదిమందిని ఎంటేసుకోని దిగొచ్చినాడు. పెండ్లికొడుకు దిగకూడదు గదా, లోపలే కూచోబెట్టి, ముందర మేళం వాయిస్తా ఉంటే ఎనకనించి ఊరి దాకా తోసుకుంటా పోయినారు. చెంగల్రాయుడు బాసికం కట్టుకోని తల దించుకోని కూచున్నాడు. దొరస్వామి చెమట తుడుచుకుంటా, "ఏం బావా, మా చెల్లెలు నిన్ను రోజూ పొద్దున ఇట్టనే తోసి లేపాల్నా?" అన్నాడంట. ఆడోళ్ళు తోపుడు పెండ్లికొడుకని పాట కట్టి పాడినారు. పెండ్లిలో ఆమాత్రం ఎగతాళి లేకపోతే అది పెండ్లేనా? అందరూ నవ్వినారు, బువ్వ తిన్నారు, మర్చిపోయినారు. ఆయప్ప మర్చిపోలేదు. "ఈ బండి ఎవురూ చెయ్యి ఎయ్యకుండా మీ ఊరెక్కిననాడే మళ్ళా నేను మీ గడప తొక్కేది" అని లోపల్లోపల ఒట్టు పెట్టుకున్నాడు. కుప్పమ్మ పుట్టింటికి నడిచి పోయినప్పుడంతా ఒక్కతే పోయింది, ఈయప్ప గుట్ట మొదల్లోనే నిలబడి, "పొయ్ రాపో" అనేవాడు.

నాయన చచ్చిపోయినాక జీపు చెంగల్రాయుడిది అయ్యింది. ఊరి చుట్టుపక్కల సంతకీ, మిల్లుకీ తోలేవాడు. స్టార్టు చెయ్యాలంటే ఇద్దరు తొయ్యాల, ఎక్కుడొస్తే నలుగురు తొయ్యాల, అయినా తిరగతా ఉండె. అది గుర్తు పెట్టుకోండి, తిరగతా ఉండె. కాలు విరిగిన ఏడు ఉగాది ముందర కుప్పమ్మ అడిగింది. "మావా, నన్ను ఒక్క తూరి మాయమ్మ కాడికి తీసకపో. ఆమె రాలేదు, నేను పోలేను" అని. ఆయప్ప, "తీసకపోతా. ఈ తుప్పు పట్టినదాంట్లో తీసకపోతానా? బాగుచేసి, రాణి మాదిరి కూచోబెట్టి తీసకపోతా" అన్నాడు. "రాణి ఏంటికి మావా, తోసేదానికి మా అన్నోళ్ళుండారు గదా" అనేసింది పాపం, మంచికే అనింది. ఆయప్ప మొఖం ఎర్రగా అయిపోయింది. లేచి పోయి, ఆ సాయంత్రమే బానెట్టు ఎత్తి, ఇంజను పీకి కింద పెట్టేసినాడు. చెట్టు కింద కోళ్ళు తిరిగే చోట, గోనెపట్టల మీద, తెగ్గొట్టిన మేక మాదిరి పరిచినాడు దాని పేగులూ గుండెకాయా అన్నీ.

అది మొదలు. ఐదేండ్లు. ఐదేండ్లంటే మీకు తమాషాగా ఉందేమో, ఐదు ఉగాదులు, ఐదు జాతర్లు. పాత ఇంజను పెట్రోలు తాగతాది, దమ్ము లేదు, డీజిలింజను పెట్టాల అన్నాడు. టవున్లో పాత ఇనప సామాన్లంగడికి కాడెద్దుల్ని తోలకపోయి, ఆడ వదిలేసి, వాటికి బదులు ఏదో వ్యాను ఇంజను ఏసకొచ్చినాడు. ఎద్దులు పోయేటప్పుడు కుప్పమ్మ వాకిట్లో నిలబడి చూసింది. పెద్దది ఎనక్కి తిరిగి చూసిందంట. "ఇదొక్కటీ ఎక్కిస్తే అయిపోయినట్టేమే" అన్నాడు. ఎక్కించినాక అది పాత గూటాల మీద కూచోదు, కొత్త గూటాలు కావాల. గూటాలు అతికించినాక గేరు పెట్టె కలవదు. గేరు పెట్టె కలిసినాక అడుగు రేకంతా తుప్పు, కాలు పెడితే భూమి కనపడతాది. నడిమింటి తలుపులు, వాళ్ళ తాత కాలం నాటి టేకు తలుపులు, పీకి జీపుకి అడుగుబల్లలు చేసినాడు. ఇంటికి కుప్పమ్మ చీర అడ్డం కట్టుకునింది. రాత్రిపూట కుక్క లోపలికొచ్చి సంగటి చట్టి నాకిపోయేది. టాపుకి గుడ్డ వద్దు, రేకు కావాల అన్నాడు. వంటింటి మీద రేకులు దించినాడు. వానొస్తే ఆమె ఒక చేత్తో గొడుగు పట్టుకోని ఒక చేత్తో సంగటి కెలికేది. "ఇదొక్కటే గదమే, ఇదొక్కటీ అయితే" అనేవాడు. పక్కింటి చిట్టెక్క గోడమీదనించి చూసి, "ఏం కుప్పీ, మీ ఆయన ఇంటిని తీసి జీపుకి కడతా ఉండాడే, ఇంకొన్నాళ్ళకి మీరు జీపులోనే కాపరం పెట్టొచ్చు. ఇల్లే పుట్టింటికి పోతాది" అనేది. కుప్పమ్మ నవ్వేది. మొదట్లో నిజంగానే నవ్వొచ్చేది. తర్వాత్తర్వాత చిట్టెక్క నవ్వితే నవ్వేది.

ఆయప్పకి ఆ జీపు మీద ఎంత ప్రేమంటే, పొద్దున లేచి మొఖం కడక్కుండానే దాని కాడికి పోయి చేత్తో తడిమేవాడు. గోర్లల్లో గ్రీసు, కూట్లో గ్రీసు, పండుకునే చాప మీద గ్రీసు. ఒక్కోసారి కుప్పమ్మని పిలిచి, "ఇట్టా కూచో" అని, ఇంకా సీటు కూడా లేని జీపులో పీట ఏసి కూచోబెట్టి, "కాలు ఇట్టా చాపుకోవాల, నొప్పి తెలీకూడదు, ఇంత ఎడం చాలునా?" అని జానెతో కొలిచేవాడు. ఆమె కాలికి కొలత తీసి, దానికి తగినట్టు ముందర ఒక బల్ల కొట్టినాడు. అట్టా చేసేవాణ్ణి ఏమని తిడతాది? తిట్టలేక ఊరుకునింది. అదే ఆమె తప్పయితే తప్పు.

మూడో ఏడు దొరస్వామి వచ్చినాడు. ఒక్కడే కాదు, నలుగురు మొగోళ్ళు, డోలీ కట్టుకోని వచ్చినారు. వెదురుబొంగుకి దుప్పటి కట్టి, మెత్తగా గడ్డేసి తెచ్చినారు. "పాపా, అమ్మకి కండ్లు పూర్తిగా పోయినాయి. చేత్తో తడిమన్నా నిన్ను చూసుకుంటానంటాది. రా, మేం మోసకపోతాము, రెండునాళ్ళుండి మళ్ళా మోసకొచ్చి దించేస్తాము" అన్నాడు. చెంగల్రాయుడు జీపు కిందనించి బయటికొచ్చినాడు, చేతిలో స్పానరు. "నా ఇంట్లో జీపు పెట్టుకోని నా పెండ్లాన్ని శవాన్ని మోసినట్టు మోసకపోతావా బావా? ఊరు చూస్తే ఏమంటాది?" అన్నాడు. దొరస్వామి, "నీ జీపు యాడుంది బావా, నాకు కోళ్ళు గుడ్లు పెట్టే గంప కనపడతా ఉంది" అన్నాడు. ఇద్దరికీ మాట పెరిగింది. అప్పుడు కుప్పమ్మ ఏం చేసిందంటే, ఎన్నితూర్లు చెప్పినా ఇదే నాకు అర్థం కాదు, ఆమె మొగుడి పక్కన పోయి నిలబడింది. "పో అన్నా, వచ్చే పండక్కి జీపులోనే వస్తా, అమ్మకి చెప్పు" అనింది. నలుగురిలో మొగుడు తల దించుకోకూడదు గదా, దానికోసరం. దొరస్వామి డోలీ ఇప్పి దుప్పటి భుజానేసుకోని, బొంగు ఆడనే పారేసి వెళ్ళిపోయినాడు. ఆ బొంగు కూడా చెంగల్రాయుడు టాపుకి అడ్డకర్ర ఏసుకున్నాడు.

నాలుగో ఏటికి బండి రూపానికొచ్చింది. టవున్లో లారీలు బాగుచేసే ఒకాయన వచ్చి చూసి, "చెంగల్రాయా, ఇంజను బరువెక్కువ, టాపు బరువెక్కువ, చక్రాలు చూస్తే దగ్గర దగ్గరగా ఉండాయి. కొండ వంపులో ఇది బోర్లా పడతాది" అన్నాడంట. అంతే, ఆయప్పకి నిద్ర పట్టలేదు. కుప్పమ్మని ఎక్కించుకోని పోతా బోర్లా పడితే? ఉండే ఒక కాలూ పోతే? ఇంకో ఏడాది పట్టినా పరవాలేదని, ఇరుసులకి ఇనపదిమ్మలు ఏసి చక్రాల్ని బయటికి జరిపినాడు. ఈ పక్క జానెడు, ఆ పక్క జానెడు. లావు టైర్లు తెచ్చి ఏసినాడు. ఒడ్లు పోసుకునే డ్రమ్ము కోసి, టైర్ల మీదికి మట్గార్డులు కొట్టినాడు, రెక్కలు చాపిన గద్ద మాదిరి అయింది బండి. ముందద్దం పాతది బోర్లా మడిచేది ఉండె, గాలి కొడతాదని అది పీకేసి, బస్సద్దం గట్టిగా బిగించేసినాడు. రేకు టాపుకి బోల్టులు, ఇదో, ఇంత దట్టంగా. "ఈ జన్మలో ఊడదు" అన్నాడు. ఊర్లోవాళ్ళంతా వచ్చి చూసినారు. చిట్టెక్క కూడా నోటిమీద చెయ్యేసుకునింది. కుప్పమ్మ కట్టె ఆనించుకోని చూస్తా, ఏమోలే, నాకు తెలీదుగానీ ఆయన ఊరికే చెయ్యలేదు, అనుకునిందంట.

సరిగ్గా ఆ వారమే, తేనె అమ్ముకునే ఆయన కొండదిగి వచ్చి కుప్పమ్మ వాకిట్లో కూచోని నీళ్ళడిగినాడు. తాగి, చెంబు కింద పెట్టి, "మీయమ్మకి బాగలేదమ్మా. మూడునాళ్ళాయె, బువ్వ పోతా లేదు. ఎవురన్నా కిందనించి వస్తే చాలు, దోవలో జీపు సద్దు ఇనపడిందా అని అడగతాది. మీయన్న ఒకటో రెండో నాళ్ళు చూసి మంచమ్మీదేసి టవునాస్పత్రికి దింపుతామంటా ఉండాడు" అన్నాడు. కుప్పమ్మ కట్టె కూడా మర్చిపోయి చెట్టుకాడికి ఉరికింది, ఉరికింది అంటే పడతా లేస్తా. "మావా, ఇప్పుడే పోదాం." ఆయప్ప చేతిలో రంగు డబ్బా ఉంది. పచ్చ రంగు, మిలిట్రీ పచ్చ, ఆ పొద్దున్నించీ పూస్తా ఉండాడు. "రంగు పచ్చిగా ఉందేమే. నీ చీరకి అంటుకుంటాది. ఐదేండ్ల తర్వాత పుట్టింటికి పోతా మరకల చీరతో పోతావా? ఒక్క పూట ఆరనీ. తెల్లారి పోదాం" అన్నాడు. "చీర లేకుండా అయినా వస్తా మావా" అనింది. "పిచ్చిదానా, ఇన్నేండ్లు ఆగినాం, ఒక్క పూటకి ఏమైపోతాది" అన్నాడు. ఆమె ఆ రోజంతా ఆ రంగునే చూస్తా కూచునింది. ఎండలో కొంచెం కొంచెంగా మెరుపు పోతా ఆరతా ఉంటే, వేలితో తాకి చూసేది. ఇంకా అంటుకుంటా ఉంది. మళ్ళా తాకేది. ఇంకా అంటుకుంటా ఉంది.

తెల్లారింది. ఇంజను, నమ్మండి, ఒక్క తిప్పుకే లేచింది. ఎవురూ తొయ్యలేదు. కుప్పమ్మ ముందు సీట్లో కూచోని కాలు ఆ బల్లమీద చాపుకునింది, నొప్పి తెలీలేదు. ఒళ్ళో అమ్మకి మెత్తటి అరిటిపండ్లు. గుట్ట మొదలు దాటింది, పెండ్లినాటి నించి ఆయప్ప దాటని చోటు అది. ముందు చక్రాల గేరేసినాడు. బండి రాళ్ళు పట్టుకోని ఎక్కతా ఉంది, ఎట్టా ఎక్కతా ఉంది! వంపుల్లో ఒరగలేదు, ఎక్కుళ్ళో దగ్గలేదు. పెండ్లినాడు అది నిలబడిపోయిన చోటు రాంగానే, "ఇదేనే ఆ చోటు" అని ఆయప్ప చిన్న పిల్లోడి మాదిరి నవ్వినాడంట, కండ్లల్లో నీళ్ళు. కుప్పమ్మకి కూడా నవ్వొచ్చింది. మా ఆయన చెప్పిందే నిజమైంది, నేనే ఓర్చుకోలేక సతాయించినా, అమ్మ కాడికి పోతానే ముందు ఈ మాట చెప్తా, అని అనుకునింది. ఆ ఒక్క గడియ ఆమె సుఖపడిందమ్మా. నేను కథ ఈడ ఆపేస్తే బాగుండు. ఒక్కోసారి పిల్లోళ్ళకి చెప్పేటప్పుడు ఈడనే ఆపేస్తా.

తేనెబండకి ఇంకో మైలుందనంగా అక్కచెల్లెళ్ళ గుండ్లు అని ఉండాయి. నేను ముందే చెప్పాల్సింది, మర్చిపోతిని. ఇంటంత గుండ్లు రెండు, ఎదురెదురుగా. ఒక పక్క కొండ గోడ, ఒక పక్క లోయ, దోవంటే ఆ రెండు గుండ్ల మధ్య సందే. ఆ పాత జీపు దాంట్లోనించి సరిగ్గా పోతా ఉండె, చెంగల్రాయుడి నాయనకి తెలుసు, ఈ పక్కా ఆ పక్కా బెత్తెడు బెత్తెడు మిగిలేది. కొడుక్కేం తెలుసు? ఆయప్ప ఆ సందులో పోయింది ఒకటే తూరి, బాసికం కట్టుకోని, తల దించుకోని. మరి కుప్పమ్మకి తెలీదా, వందతూర్లు పోయింది గదా అంటారు. నడిచి పోయే మనిషికి ఆ సందు సంత వీధంత కనపడతాది. రెండు చేతులు చాపినా తగలదు. ఆమెకి ఇరుకు అన్న మాటే మనసుకి రాలేదు. కుప్పమ్మ కాలికి జానెతో కొలిచినాడు, సీటు కొలిచినాడు, టాపు కొలిచినాడు, దోవని మాత్రం ఎవురూ కొలవలేదు. ఎక్కుడు గదా, వేగం తగ్గిస్తే బండి చస్తాదని గట్టిగా తొక్కినాడు. గుండ్ల మధ్యకి పోయింది. డ్రమ్ము రేకు రెక్కలు రెండూ వెనక్కి మడుచుకోని పోయినాయి, ఇరుసుల దిమ్మలు రెండు పక్కలా రాతిలో దిగి, ఒక్క చప్పుడు చేసి బండి నిలబడిపోయింది. వెనక్కి పోనిచ్చినాడు, రాదు. ముందుకి, పోదు. చక్రాలు తిరిగేకొద్దీ ఇంకా లోపలికి దిగింది. పక్కనించి దిగుదామంటే రాయి, ఎనకపక్క బోల్టులేసిన రేకు. చెయ్యి పట్టేంత సందు కూడా లేదు.

ఇంజను ఆపేసినాడు. అప్పుడు పైనించి మాటలు ఇనపడినాయి. అద్దంలోనించి చూస్తే దోవ మలుపులో మనుషులు. నలుగురు మంచం మోసుకోని దిగతా ఉండారు. ముందర దొరస్వామి. మంచమ్మీద దుప్పటి, దుప్పటి కింద మనిషి ఉందో లేదో తెలీనంత. దొరస్వామి దూరంనించే, "ఎవుర్రా అది, దోవకి అడ్డం పెట్టింది, తియ్యండ్రా" అని అరిచి, దగ్గరికొచ్చి, చూసినాడు. దొరస్వామి ఎగతాళి చేసే మనిషి గదా, ఏదో అంటాడని చెంగల్రాయుడు కండ్లు మూసుకున్నాడంట. దొరస్వామి మాత్రం మంచం దించమన్నాడు. బానెట్టుకి మూడడుగుల ముందర దించినారు. కుప్పమ్మకి అద్దం అవతల వాళ్ళమ్మ. చెయ్యి ఆనిస్తే అద్దం. పాత అద్దమైతే మడిచేస్తే పోయె. "మావా, పగలగొట్టు" అనింది. జాకీ కడ్డీతో కొట్టినాడు. ఆమె ఆ గాజుముక్కల మీదనే పాకతా, కాలే బానెట్టు మీద అరచేతులు ఆనించుకోని, పొట్టి కాలు ఈడ్చుకుంటా, అవతలికి దూకింది. "అమ్మా, నేను, వచ్చినా" అనింది. మంగతాయికి కండ్లు లేవు గదా. చేత్తో ఆమె మొఖం తడిమింది. ముక్కు, గడ్డం, చెవులు. చెవుల కాడ ఆగి, "కమ్మలు మార్చినావా అమ్మణ్ణీ" అనింది. టైర్లకి అమ్ముకున్నానని చెప్పలేదు ఈమె. "ఊఁ మా" అనింది.

దొరస్వామి, "బావా, మంచం ఈ పక్కకి రావాల. ఈ దోవ తప్ప ఇంకోటి లేదు. అద్దంలో దూరదు, ఆమెని మడిచి తేలేము, ఎముకలు విరుగుతాయి. ఆ రేకు మీద మనుషులు ఎక్కితే కూలతాది, టాపు ఊడదీస్తే పైనించి దాటిస్తాము" అన్నాడు, మెల్లిగా, బతిమాలినట్టు. చెంగల్రాయుడు స్పానరు తీసుకోని లోపలినించి బోల్టులు ఇప్పను మొదలుపెట్టినాడు. ఎంత గట్టిగా బిగించినాడో తెలుసు గదా. ఒకటి ఇప్పినాడు. రెండు. మూడు. పైన రంగు ఇంకా మెత్తగానే ఉంది, వేళ్ళకి అంటుకుంటా ఉంది. ఆ చప్పుడు ఇని మంగతాయి, "ఎవురది?" అనింది. "మీ అల్లుడు మా, జీపులో వచ్చినాడు" అనింది కుప్పమ్మ. అంటే ఆ ముసలామె ఏమనిందో తెలుసునా, ప్రాణం ఈడ ఉంది, గొంతులో, "ఏందిరా దొరస్వామీ, ఇంటికి అల్లుడొచ్చినాడంటే కాళ్ళకి నీళ్ళియ్యకుండా నిలబడుకోనుండావా? ఎన్నేండ్లకి వచ్చినాడు, ఇయ్యిరా" అనింది. కాళ్ళకి నీళ్ళు. ఆ కొండ నడిమిట్లో నీళ్ళు యాడుండాయి? మంగతాయి నోట్లో పొయ్యను తెచ్చిన చెంబెడు నీళ్ళుండాయి. దొరస్వామి ఆ చెంబు చూసినాడు, అమ్మని చూసినాడు. బానెట్టెక్కి, పగిలిన అద్దంలోనించి చెయ్యి పెట్టి, "కాళ్ళు పెట్టు బావా" అన్నాడు. చెంగల్రాయుడు వద్దు బావా వద్దు అంటా ఉండాడు. "అమ్మ ఇయ్యమనింది, పెట్టు" అన్నాడు. పోసినాడు. ఆ టేకు తలుపుల మీద, ఆయప్ప గ్రీసు కాళ్ళ మీద, చెంబెడూ పోసేసినాడు. "ఇచ్చినావా?" అనింది మంగతాయి. "ఇచ్చినా మా" అన్నాడు. "బువ్వ పెట్టు" అనింది. అదే కడాపటి మాట. కుప్పమ్మ చెయ్యి ఇంకా ఆమె చేతిలోనే ఉంది, ఎప్పుడు పోయిందో కూడా తెలీలేదు. నోరు తడపను చుక్క నీళ్ళు లేవు. బోల్టులు ఇంకా సగం కూడా ఊడలేదు.

టవునుకి పోవాల్సిన పని లేకపోయె. మంచం ఎత్తుకోని వచ్చిన దోవనే ఎనక్కి తిరిగినారు. కుప్పమ్మని దొరస్వామి వీపున ఎక్కించుకోని ఎనకాల పోయినాడు. ఆమె తిరిగి చూసిందో లేదో నాకు తెలీదు, చూడలేదంటారు. చెంగల్రాయుడు బండిలోనే ఉండిపోయినాడు. మట్టి చెయ్యను అల్లుడు పోవాల గదా, ఎవురూ పిలవలేదు, ఆయప్పకీ కాళ్ళు రాలేదు. ఇప్పుతా ఉండినాడు. ఆపమని ఎవురూ చెప్పలేదు. టాపు ఇప్పినాడు, సీట్లు ఇప్పినాడు, చక్రాలు, ఇంజను, అన్నీ ఒక్కొక్కటే ఇప్పి, కొన్ని లోయలో తోసి, కొన్ని దోవ పక్కన పెట్టినాడు. పదకొండో నాటికి ఆ సందు ఖాళీ. దినాలైనాక అన్నోళ్ళు కుప్పమ్మని డోలీలో దింపకొస్తా ఉంటే ఆడనే నిలబడుకోనుండాడంట, గడ్డం పెరిగిపోయి. డోలీ ఎనకాల నడిచి వచ్చినాడు. ఇంటికి చేరినాక ఆమె ఒక్క మాట అనింది. తిట్టలేదు. "మావా, ఐదేండ్లు. రోజుకి యాభై అడుగులు ఏసుకుంటా, కుంటుకుంటా పోయింటే కూడా ఎప్పుడో చేరిపోయిండేదాన్ని" అనింది. ఆ తర్వాత కాపరం చేసినారు, ఆమె కూడు పెట్టింది, ఆయప్ప తిన్నాడు, కలిసి ముసిలోళ్ళయినారు. ఆ సంగతి మాత్రం మళ్ళా మాట్లాడుకోలేదు.

కథ అయినాక నీతి చెప్పమంటారు నన్ను. నాకు అంత చదువు లేదు, నీతులు పుస్తకాల్లో ఉంటాయి. నాకు తెలిసింది ఒకటే. మీ ఇంట్లో మొగోడు దేన్నన్నా బాగుచేస్తానని ముందర పరుచుకోని కూచుంటే, బాగుచేసుకోనీ, వద్దనొద్దు. మీరు మాత్రం ముందు పొయ్యొచ్చేయండి. సరే, ఎండ వాకిట్లోకొచ్చింది. నా పొయ్యి మీద సంగటి అడుగంటింటాది, పోతా.